వుజూద్‌కి తెలుగు మాటేది?

ఐరోపా తత్వశాస్త్రాన్ని పరిచయం చేసే పుస్తకాలు తిరగేస్తే ఆధునిక యుగం దెకార్త్‌తో మొదలవుతుంది. ఆ తర్వాత స్పినోజా, లైబ్నిజ్, లాక్, హ్యూమ్, కాంట్. డిగ్రీలో తత్వశాస్త్రం చదివిన వాళ్లకి ఈ వరస ఎక్కాల్లా నోటికొచ్చు. దెకార్త్ 1596లో పుట్టి 1650లో పోయాడు. ఆయనకంటే పాతికేళ్లు ముందు, 1571-72 ప్రాంతంలో, ఇరాన్‌లోని షీరాజ్ నగరంలో సద్రుద్దీన్ మహమ్మద్ షీరాజీ పుట్టాడు. 1640లో హజ్‌కి పోతూ బస్రాలో కన్నుమూశాడు. నాలుగైదేళ్లు ముందే పోయాడని ఇంకో లెక్క కూడా ఉంది. లోకం ఆయన్ని ముల్లా సద్రా అంటుంది.

ఇద్దరిదీ ఒకే కాలం. ఇద్దరూ తమకు ముందున్న వాళ్లు చెప్పిందాన్ని మళ్లీ మొదటినుంచీ తరచి చూసిన వాళ్లే. కానీ ఒకాయన ఆధునికుడయ్యాడు. ఇంకొకాయనకి ఏ యుగంలోనూ చోటు దొరకలేదు. ఆ పుస్తకాల్లో ఇస్లాం గురించి ఒక అధ్యాయం ఉంటే గింటే అది ఇబ్న్ సీనా, గజాలీల మీదుగా నడిచి, 1198లో ఇబ్న్ రుష్ద్ మరణంతో ముగుస్తుంది. ఆ తర్వాత ముస్లింలు ఆలోచించడం మానేశారని పుస్తకం అనదు. ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడంలోనే తీర్పంతా ఉంది.

ఈ తీర్పు ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలుసు. ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనా 1852లో ఇబ్న్ రుష్ద్ మీద పుస్తకం రాశాడు. 1883లో పారిస్‌లో ఇస్లాం, విజ్ఞానశాస్త్రం అంటూ ఉపన్యాసం ఇచ్చాడు. ముస్లిం మనసుకీ హేతువుకీ పొసగదన్నది ఆయన వాదనకి మూలం. జమాలుద్దీన్ అఫ్గానీ ఆ యేడే జవాబు రాశాడు. జవాబు మరుగున పడింది. రెనా మాట మాత్రం చేతులు మారుతూ మన ఊళ్ల దాకా వచ్చింది. మీలో సంస్కరణ రాలేదు, మీలో ప్రశ్నించేవాళ్లు లేరు అని మనకి హితవు చెప్పే లౌకికవాద మిత్రులు, తాము మాట్లాడేది రెనా మాటేనని ఎరగరు. వాళ్లమీద మాకు కోపం లేదు. వాళ్లు చదివిన పుస్తకంలో ఆ నాలుగు వందల యేళ్లు లేవు. మేం చదివిన పుస్తకంలోనూ లేవు.

అందుకే ముల్లా సద్రాని తెలుగులోకి తెచ్చుకోవడం గురించి మాట్లాడదలచాం. ఎవరో ఇరానీ పండితుణ్ణి గోడకి పటం కట్టుకుందామని కాదు. ఒక ఆలోచనని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మోసుకొచ్చేటప్పుడు దారిలో ఎవరెవరు సుంకం వసూలు చేస్తారో చూద్దామని.

మొదటి సుంకం ఆయన పేరు దగ్గరే కట్టాలి. తెలుగులో 'ముల్లా' అంటే ఎవరు? నికా చదివించే మనిషి. తాయెత్తు కట్టే మనిషి. సినిమాలో గడ్డంతో, టోపీతో నవ్వించడానికో భయపెట్టడానికో వచ్చే మనిషి. ఇరాన్‌లో ఆ కాలంలో 'ముల్లా' అంటే చదువుల్లో ఆరితేరినవాడు. 'ఆచార్య' అంటే మనకి కలిగే గౌరవం ఆ మాటకి అక్కడ ఉండేది. పేరే ఇంత దూరం జారిపోయిన చోట, ఆయన పుస్తకం ఎంత దూరం జారుతుందో ఊహించుకోవచ్చు.

ఆయన పెద్ద గ్రంథం పేరు కూడా ఇలాగే పాట్లు పడింది. దాన్ని అందరూ క్లుప్తంగా 'అస్ఫార్' అంటారు. నాలుగు ప్రయాణాలని అర్థం. సృష్టి నుంచి సత్యం వైపు మొదటిది. సత్యంలోనే సాగేది రెండోది. సత్యంతో కలిసి తిరిగి సృష్టి దగ్గరికి రావడం మూడోది. సత్యంతోనే సృష్టిలో, మనుషుల మధ్య తిరగడం నాలుగోది. తత్వశాస్త్రంలో ఏ విషయం ఎక్కడ రావాలో ఈ నాలుగు ప్రయాణాల వరసలో కూర్చాడాయన. 1865లో ఫ్రెంచి దౌత్యవేత్త గోబినో తన పుస్తకంలో సద్రాని పరిచయం చేస్తూ, ఇవి యాత్రా గ్రంథాలనుకున్నాడు. మానవ జాతుల్లో హెచ్చుతగ్గులున్నాయని పెద్ద పుస్తకం రాసిన గోబినోయే ఈయన. తర్వాత ఇంగ్లీషు పండితుడు బ్రౌన్, 'అస్ఫార్' అన్న మాటని 'సిఫ్ర్' అనే మాటకి బహువచనమనుకుని, 'నాలుగు పుస్తకాలు' అని అనువదించాడు. అరబీ లిపిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కనక బ్రౌన్‌ది భాషలో పొరపాటు. గోబినోది అంతకంటే లోతైనది. తూర్పుదేశంవాడు ప్రయాణమంటే ఒంటెమీద ప్రయాణమే అయ్యుండాలి, ఆలోచనలో ప్రయాణం చేస్తాడా?

ఇరవయ్యో శతాబ్దంలో సద్రాకి ఐరోపాలో గౌరవం దక్కింది. ఆ గౌరవం వెనక కూడా ఒక బేరం ఉంది. హెన్రీ కోర్బా అనే ఫ్రెంచి పండితుడు 1964లో సద్రా చిన్న గ్రంథం 'మషాయిర్'ని ఫ్రెంచిలోకి అనువదించాడు. సయ్యద్ హుసేన్ నస్ర్ 1978లో ఇంగ్లీషులో సద్రా మీద పుస్తకం వేశాడు. సద్రా తన పద్ధతికి పెట్టుకున్న పేరు 'హిక్మతె ముతఆలియ'. హిక్మత్ అంటే వివేకం, తత్వజ్ఞానం. ఉన్నతమైన తత్వశాస్త్రం అంటే సరిపోతుంది. వీళ్లిద్దరూ దానికి 'థియోసఫీ' అన్న మాట వాడారు. ఆ మాట వినగానే మనకి అడయారు, అనీబిసెంటు గుర్తొస్తారు. అలౌకికమైనదేదో, తర్కానికి అందనిదేదో అనిపిస్తుంది. తమ ఉద్దేశం అది కాదనీ, మాటకి పాత అర్థం వేరే ఉందనీ వాళ్లు వివరించారు. వాళ్ల శ్రమ తక్కువది కాదు. వాళ్లు లేకపోతే సద్రా పేరు ఇరాన్ దాటి చాలామందికి తెలిసేది కాదు. కానీ ఫలితం ఏమిటి? పడమటివాడికి తత్వశాస్త్రం, తూర్పువాడికి ఆధ్యాత్మికత. పాత పంపకమే గౌరవంగా మళ్లీ జరిగింది.

దీనికి ఎదురుగా నిలబడినవాడు ఫజ్లుర్ రహ్మాన్. 1968లో పాకిస్తాన్‌లో మతవాదుల గొడవ మధ్య పదవి వదిలి, దేశం విడిచి అమెరికాలో పాఠాలు చెప్పుకున్న ముస్లిం పండితుడు. 1975లో వచ్చిన ఆయన పుస్తకం సద్రాని తత్వవేత్తగానే పట్టుకుంది. వాదన ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ తనని తాను ఖండించుకుంటోందో లెక్కకట్టి చూపింది. అన్ని ఉనికిలూ నిజమైనవే, వాటిలో మెట్లున్నాయి అని ఒకచోట అంటాడు సద్రా. ఉన్నది ఒక్కటే, మిగిలిందంతా దాని నీడే అన్నట్టు ఇంకోచోట మాట్లాడతాడు. రెండూ ఎలా కుదురుతాయని ఫజ్లుర్ రహ్మాన్ నిలదీశాడు. మా దృష్టిలో సద్రాకి దక్కిన అసలైన గౌరవం ఇది. తప్పుపట్టేటంత దగ్గరగా చదవడం.

ఇంతకీ సద్రా ఏమన్నాడు?

ఒక వస్తువు గురించి రెండు ప్రశ్నలు వేయొచ్చు. అదేమిటి? అది ఉందా? కుండ అంటే ఏమిటో ఎంత వివరంగానైనా చెప్పొచ్చు. ఆ వివరంలో ఎక్కడా కుండ ఉన్నదీ లేనిదీ తేలదు. ఈ తేడాని ఇబ్న్ సీనా పదకొండో శతాబ్దంలోనే పట్టి చూపాడు. మొదటి ప్రశ్నకి జవాబుని అరబీలో 'మాహియ' అంటారు. 'మా హియ' అంటే 'అదేమిటి' అనే. రెండో ప్రశ్నకి జవాబు 'వుజూద్'. ఈ రెండిటిలో బయట, లోకంలో నిజంగా ఉన్నది ఏది? మన బుద్ధి గీసుకున్నది ఏది? 1191లో అలెప్పోలో మరణశిక్షకి గురైన సుహ్రవర్దీ, వుజూద్ బుద్ధి కల్పించుకున్నదే అన్నాడు. సద్రాకి ఇస్ఫహాన్‌లో చదువు చెప్పిన మీర్ దామాద్ కూడా మాహియ వైపే నిలబడ్డాడు. మొదట్లో సద్రా కూడా గురువు మాటనే గట్టిగా వాదించాడు. తర్వాత తిరగబడ్డాడు. లోకంలో ఉన్నది వుజూదే, మాహియ అనేది బుద్ధి దానిమీద గీసుకున్న హద్దు అన్నాడు. నది పారుతుంది, మనం దానికి ఊరికో పేరు పెట్టుకుంటాం.

ఇది ఒప్పుకుంటే ఇంకో రెండు మాటలు వెంట వస్తాయి. ఒకటి, ఉనికిలో తరతమాలున్నాయి. ప్రమిద వెలుగూ వెలుగే, సూర్యుడి వెలుగూ వెలుగే. తేడా వెలుగుతనంలో కాదు, తీవ్రతలో. దీన్ని 'తష్కీక్' అంటారు. రెండోది, చలనం వస్తువు పైపైన కాక దాని లోపలే ఉంది. అంతకుముందువాళ్లు రంగు మారుతుంది, పరిమాణం మారుతుంది, చోటు మారుతుంది అన్నారు గానీ మారేదాని అడుగున మారనిదొకటి ఉందనుకున్నారు. పిందె కాయై, కాయ పండైతే రంగూ రుచీ మాత్రమే కాదు, ఆ మామిడే మారిందంటాడు సద్రా. కొండలు కదలకుండా ఉన్నట్టు కనిపిస్తూనే మబ్బుల్లా సాగుతాయన్న ఖురాన్ ఆయత్‌ని ఆయన దీనికి తోడు తెచ్చుకున్నాడు.

ఈ మాటలు ఆయనకి సుఖాన్నివ్వలేదు. అక్షరాన్ని పట్టుకు వేలాడే ఆలిములు వెంటపడ్డారు. ఖుమ్ దగ్గర కహక్ అనే పల్లెకి పోయి యేళ్ల తరబడి ఉండిపోయాడు. తర్వాత షీరాజ్ తిరిగొచ్చి ఖాన్ మదరసాలో పాఠం చెప్పాడు. ఆలిముల మీద ఫార్సీలో 'సెహ్ అస్ల్' రాశాడు. చదువూ సంధ్యా లేకుండా సూఫీలమని తిరిగేవాళ్లని చీల్చి చెండాడుతూ అరబీలో ఇంకో పుస్తకం రాశాడు. అటు మతాధికారికీ ఇటు దొంగ ఫకీరుకీ పనికిరాని మనిషి. ఇలాంటి వాళ్లే మనకి కావాలి.

ఇప్పుడు మన వైపుకి వద్దాం. సద్రా మనకి కొత్తవాడని ఎవరన్నా అంటే అది నిజం కాదు. అబ్హరీ అనే ఆయన రాసిన 'హిదాయతుల్ హిక్మ'కి సద్రా వ్యాఖ్య రాశాడు. పద్దెనిమిదో శతాబ్దంలో లక్నో ఫరంగీ మహల్‌లో ముల్లా నిజాముద్దీన్ పేరుమీద స్థిరపడిన దర్సె నిజామీలో ఆ వ్యాఖ్య పాఠ్యపుస్తకమైంది. విద్యార్థులు పుస్తకం పేరు కూడా చెప్పరు. 'సద్రా చదివాను' అనేవాళ్లు. రాసింది షియా. చదివించింది సున్నీ ఆలిములు. ఎవరూ అడ్డు చెప్పలేదు. నిజాముద్దీన్ కొడుకు అబ్దుల్ అలీ, బహ్రుల్ ఉలూమ్ అని పేరుపొందిన వాడు, ఆ వ్యాఖ్య మీద తాను వివరణ రాశాడు. పద్దెనిమిదో శతాబ్దం చివర ఆర్కాటు నవాబు ఆదరణలో మద్రాసు వచ్చి 1810లో అక్కడే మరణించాడు. మన నెల్లూరు సీమ అప్పట్లో ఆర్కాటు నవాబుల ఏలుబడిలోదే. అంటే రెండు వందల యేళ్ల కిందట మన గుమ్మం దాకా వచ్చిన మనిషి సద్రా.

గుమ్మం దాటి లోపలికి ఎందుకు రాలేదు? దీనికి బయటివాళ్లని తిట్టి లాభం లేదు. అఫ్గానీ 1882లో కలకత్తాలో మాట్లాడుతూ మన ఆలిముల్ని కడిగేశాడు. రాత్రంతా దీపం ముందు పెట్టుకుని సద్రా చదువుతారు, జౌన్‌పూర్ ముల్లా మహమూద్ రాసిన 'షమ్సె బాజిగ' చదువుతారు, ఆ దీపానికి చిమ్నీ తీసేస్తే పొగ ఎందుకొస్తుందని మాత్రం ఒక్కసారి కూడా అడగరు అన్నాడు. దెబ్బ సరైన చోటే పడింది. సద్రాని మన మదరసాలు కాపాడాయి. కానీ వ్యాఖ్య మీద వ్యాఖ్య, దానిమీద టీక రాసుకుంటూ, చదివే నలుగురి మధ్యే కాపాడాయి. వీధిలో మాట్లాడే భాషలోకి తేలేదు. చలనం గురించి రాసిన పుస్తకాన్ని కదలకుండా కూర్చోబెట్టాం.

ఒక్కసారి మాత్రం అది కదిలింది. కదిలింది హైదరాబాదులోనే. 1917లో దారుల్ తర్జుమా ఏర్పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో పై చదువులు చెప్పాలంటే పుస్తకాలు కావాలి. మౌల్వీ అబ్దుల్ హఖ్ వంటి వాళ్లు దాన్ని నడిపారు. మాటలు ఎలా కల్పించాలన్న దానిమీద వహీదుద్దీన్ సలీం ఒక పుస్తకమే రాశాడు. అన్నిటికీ అరబీ వైపు పరుగెత్తక్కర్లేదు, ఉర్దూకి తనదైన కూర్పు ఉంది, దానితో మాట కట్టుకోవాలన్నది ఆయన వాదన. ఆ తర్జుమా పనిలో భాగంగానే 'అస్ఫార్' కొంత ఉర్దూలోకి వచ్చింది. ఉస్మానియాలో దీనియాత్ బోధించిన మనాజిర్ అహ్సన్ గీలానీ చేసిన అనువాదం 1940ల మొదట్లో అచ్చయింది. ఇంకో భాగాన్ని అనువదించింది ఎవరో కాదు, ఔరంగాబాదులో పుట్టిన మౌదూదీ. 1941లో జమాతె ఇస్లామీ స్థాపించిన మౌదూదీయే. ఆయన రాజకీయాలతో మాకు పేచీ ఉంది. అయినా ఈ సంగతి చెప్పాలి. ఇస్లాంలో ఆలోచన ఒక్క దారినే పోయిందనుకునే వాళ్లు మనలోనూ బయటా ఉన్నారు కనక చెప్పాలి.

1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయింది. పుస్తకాలు బీరువాల్లో మిగిలాయి. తెలుగు మాధ్యమం వచ్చినప్పుడు, 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి పాఠ్యగ్రంథాలకి మాటలు కట్టుకునేటప్పుడు, పక్క గదిలో ముప్ఫై యేళ్లు ఇదే పని చేసినవాళ్ల అనుభవం చాలావరకు అక్కరకు రాలేదు. సలీం అడిగిన ప్రశ్న తెలుగులో మళ్లీ మొదటినుంచీ అడగాల్సి వచ్చింది. చాలాసార్లు సంస్కృతమే జవాబైంది. మా సంగతి ఇంకా ఇబ్బంది. కోస్తాలో, రాయలసీమలో ఎంతోమంది ముస్లింలకి ఉర్దూ ఇంట్లో మాట్లాడే మాటే గానీ చదివే అక్షరం కాదు. దూదేకుల ఇళ్లల్లో మాట్లాడేది కూడా తెలుగే. అరబీ తెలిసినవాడికి తెలుగు రాయడం రాదు. తెలుగు రాసేవాడికి అరబీ రాదు. ఈ రెండు తీరాల మధ్య సద్రా మునిగిపోయాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. వుజూద్‌కి తెలుగు మాటేది?

చేతికి వెంటనే దొరికేవి వేదాంతం మాటలు. వుజూద్ అంటే సత్. వహ్‌దతుల్ వుజూద్ అంటే అద్వైతం. నఫ్స్ అంటే ఆత్మ. రాసుకుంటూ పోతే పని ఇట్టే అయిపోతుంది. చదివేవాళ్లకి సులభంగా ఉంటుంది. కొందరైతే సంతోషిస్తారు కూడా, చూశారా, వీళ్లూ మనమాటే చెప్పారు అని. ఆ సంతోషం దగ్గరే మాకు అనుమానం. ముస్లిం ఆలోచనాపరుడు మంచివాడని ఒప్పుకోవడానికి అతడు అద్వైతి అయితీరాలా?

ఒక్క 'ఆత్మ'నే తీసుకుందాం. తెలుగులో ఆత్మ అంటే పుట్టుక లేనిది, చావు లేనిది, ఒంటిమీది బట్టలా శరీరాన్ని మార్చుకునేది. సద్రా నఫ్స్ అందుకు పూర్తిగా వ్యతిరేకం. అది శరీరంతోనే, శరీరంలోంచే పుడుతుంది. పుట్టుకలో దేహం, నిలకడలో రూహ్. మట్టి మెల్లగా పైకి లేచి ఆలోచన అవుతుంది. దెకార్త్ దేహాన్నీ మనసునీ రెండుగా కోసిన కాలంలోనే సద్రా ఆ రెంటినీ ఒకే ప్రయాణంలో రెండు మజిలీలన్నాడు. పునర్జన్మని పేరుపెట్టి మరీ ఖండించాడు. ఆయన నఫ్స్‌ని ఆత్మ అని రాస్తే ఆయన కాదన్న ప్రతిదాన్నీ ఆయన నోట పలికించినట్టే. అద్వైతమూ అంతే. ఆ మాట వెంట మాయ వస్తుంది, మిథ్య వస్తుంది. సద్రా లోకంలో ప్రమిద మిథ్య కాదు. అది చిన్న వెలుగు, నిజమైన వెలుగు.

పోలిక చూడొద్దని మేం అనడంలేదు. పోలిక చూసినవాళ్లు సద్రా వీధిలోనే ఉన్నారు. 1597-98లో నిజాముద్దీన్ పానీపతీ ఇద్దరు సంస్కృత పండితుల సాయంతో యోగవాసిష్ఠాన్ని ఫార్సీలోకి తెచ్చాడు. సద్రా కాలంలోనే ఇస్ఫహాన్‌లో ఉన్న మీర్ ఫిందిరిస్కీ భారతదేశం వచ్చి వెళ్లి, ఆ ఫార్సీ పుస్తకం మీద వ్యాఖ్య రాశాడు. దారా షికో 1657లో ఉపనిషత్తుల్ని ఫార్సీలోకి మార్చాడు. అంతకుముందు రాసిన 'మజ్మవుల్ బహ్రైన్'లో బ్రహ్మని జిబ్రయీల్ అనీ, విష్ణువుని మీకాయీల్ అనీ అన్నాడు. అది కూడా ఒక సుంకమే కదా, అక్కడ వేదాంతం ఇస్లాం బట్టలు వేసుకుంది కదా అని ఎవరన్నా అడగొచ్చు. అడగాలి. యువరాజు చేసిన అనువాదంలో బలం ఎటుందో మనకి తెలుసు. ఈనాడు తెలుగులో బలం ఎటుందో కూడా తెలుసు. బలం ఉన్నవైపు మాటల్లోకి ఎదుటివాడు కరిగిపోకుండా చూడటమే అనువాదకుడి నీతి, ఆ బలం మనదైనా సరే, వాళ్లదైనా సరే.

పిఠాపురం ఉమర్ అలీషాని మేం మరచిపోలేదు. ముస్లిమై పుట్టి, పద్యం రాసి, పీఠం నడిపి, వేదాంత పరిభాషని తన సొంత ఇంటి భాషలా మాట్లాడినవాడు. అది లొంగుబాటని అనేవాళ్లతో మేం ఏకీభవించం. ఆయన తన మాట తాను చెప్పుకున్నాడు, ఏ భాషలో చెప్పాలో తాను ఎంచుకున్నాడు. సద్రాకి ఆ అవకాశం లేదు. ఆయన తరఫున ఎంచాల్సింది మనం. అందుకే జాగ్రత్త.

ఇంకో దారి, అరబీ మాటల్ని అలాగే ఉంచెయ్యడం. వుజూద్, మాహియ, తష్కీక్, జౌహర్. ఇది నిజాయితీగా కనిపిస్తుంది. కానీ పుస్తకమంతా ఇలాగే రాస్తే ఫరంగీ మహల్ గది తలుపులు తెలుగు లిపిలో మళ్లీ మూసినట్టే. మారిస్తే అర్థం తిరగబడే మాట దగ్గర మాత్రమే అరబీ ఉంచాలి. నఫ్స్ అలాంటిది. మా ఇళ్లల్లో అందరి నోటా ఉన్న మాటే కనక పరాయిదీ కాదు.

మూడోది 'అస్తిత్వం'. మొదట చూపు దానిమీదే పడుతుంది. కానీ ఆ మాటకి ఇప్పటికే రెండు కాపురాలున్నాయి. ఒకప్పుడు సార్త్రని పరిచయం చేస్తూ 'అస్తిత్వవాదం' అన్నారు. సార్త్ర మాట్లాడింది మనిషి గురించి, సద్రా మాట్లాడింది చెట్టూ పుట్టా సహా ఉన్నదాని గురించి. తర్వాత 1990ల నుంచి దళిత, స్త్రీ, ముస్లిం సాహిత్యాలన్నిటినీ కలిపి 'అస్తిత్వ ఉద్యమాలు' అన్నారు. ఈ సంకలనం కూడా ఆ పేరు కిందే పాఠకుల ముందుకొస్తోంది. ఇక్కడే మేం ఆగిపోయాం. మనం అస్తిత్వం అంటున్నది దేన్ని? నువ్వెవరు, నువ్వేమిటి అన్న ప్రశ్నకి జవాబుని. సద్రా భాషలో అది వుజూద్ కాదు. అది మాహియ.

ఇది మాటల గారడీ అనుకోవద్దు. 1992 డిసెంబరు 6 తర్వాత మమ్మల్ని అడుగుతూ వచ్చిన ప్రశ్నలన్నీ 'నువ్వేమిటి' అన్నవే. మీరు తెలుగువాళ్లా, ముస్లింలా? ముందు భారతీయులా, ముందు ముస్లింలా? 2019లో పౌరసత్వ చట్టానికి తెచ్చిన సవరణలో మతం ఒక కొలత అయింది. కాగితం అడిగేది మాహియనే. మేం కూడా ఆ ప్రశ్నకే జవాబు చెబుతూ, మా నిర్వచనాన్ని మేమే దిద్దుకుంటూ ముప్ఫై యేళ్లు గడిపాం. ఆ పని అవసరమే. ఎవరో రాసిన నిర్వచనంలో బతకడం కంటే మనం రాసుకున్నది మేలు. కానీ నిర్వచనం ఎంత బాగా రాసుకున్నా అది మనిషి చుట్టూ గీసిన గీతే. గీతకి లోపల బతుకు ఉంది. దూదేకుల ఇంట్లో తెలుగు మాట్లాడే ముసలమ్మ, పాతబస్తీలో గాజులు చేసే పిల్ల, గల్ఫ్‌లో కూలికి పోయిన కడప కుర్రాడు, వీళ్లని 'ముస్లిం' అన్న ఒక్క మాట కలుపుతుంది, వీళ్ల బతుకుల్ని ఆ మాట చెప్పలేదు. బతుకే నిజం, పేరు దానిమీద గీత అన్నవాడు మనకి ఎందుకు అక్కరలేదు?

అయితే ఆయన్ని మన జెండా కింద నిలబెట్టి ఊరేగించడం కూడా కుదరదు. సద్రాకి సమాజం మీద సిద్ధాంతం లేదు. ఉనికిలో మెట్లున్నాయన్న మాటని ఎవరైనా మనుషుల్లో మెట్లున్నాయని మార్చుకోవచ్చు. సయ్యదు పైమెట్టు, పింజారి కింది మెట్టు అని వాదించేవాళ్లకి అది ఆయుధం కాగలదు. సామాన్య జనం గురించి ఆయన చాలాచోట్ల చిన్నచూపుతోనే రాశాడు. 'అస్ఫార్'లో పశువుల వల్ల మనిషికి కలిగే ప్రయోజనాలు ఏకరువు పెట్టే చోట స్త్రీలని కూడా కలిపేశాడు. పంతొమ్మిదో శతాబ్దంలో వ్యాఖ్య రాసిన సబ్జవారీ దాన్ని దిద్దకపోగా సమర్థించాడు. తెలుగు అనువాదంలో ఆ వాక్యాన్ని ఏం చేయాలి? వదిలేయాలని ఒక మాట వినిపిస్తుంది, ఇప్పటికే మనమీద పడి ఏడ్చేవాళ్లు ఎక్కువ, వాళ్లకి ఇంకో రాయి అందించడం ఎందుకని. మేం ఒప్పుకోం. ఆ వాక్యం అలాగే అనువదించాలి. కింద మన స్త్రీలు వ్యాఖ్య రాయాలి. పదార్థమంతా పైకి కదులుతుందని చెప్పినవాడు సగం మనుషుల్ని కదలకుండా ఎలా ఉంచాడని ఆయన సిద్ధాంతంతోనే ఆయన్ని నిలదీయాలి. దెకార్త్ నుంచి కాంట్ దాకా ఐరోపా వాళ్ల రాతల్లో ఉన్న ఇలాంటి మాటల్ని పక్కన పెట్టి వాళ్లని చదువుకుంటున్నాం. సద్రా విషయంలో పక్కన పెట్టొద్దు, ముందు పెట్టుకునే చదువుదాం.

ఇక మాట. వుజూద్‌కి మేం 'ఉనికి'ని ఎంచుకున్నాం. అచ్చతెలుగు మాట. ఏ మతం గుడికీ మడికీ చెందనిది. ఊళ్లో అందరూ అనేది. దీనిలోనూ నష్టం ఉంది. అరబీలో వుజూద్‌కి మూలం 'దొరకడం'. ఉన్నదంటే దొరికింది, అనుభవానికి చిక్కింది. సూఫీల ఆనందానికి పేరైన 'వజ్ద్' కూడా ఆ ఇంటి పిల్లే. 'ఉనికి'లో ఆ దొరకడం లేదు. ఆ లోటుని పీఠికలో చెప్పుకోవాలి. మాహియకి 'ఏమిటన్నది' అనే మామూలు తెలుగే చాలు. అరబీవాళ్లు తమ ప్రశ్ననే నామవాచకం చేసుకున్నప్పుడు మనం సంస్కృతం తలుపు తట్టడం దేనికి? తష్కీక్‌కి 'తరతమం' ఉంది. చలనానికి చలనం ఉంది.

మొదలుపెట్టాల్సింది తొమ్మిది సంపుటాల 'అస్ఫార్'తో కాదు. 'మషాయిర్' చిన్నది. 'సెహ్ అస్ల్' ఫార్సీ వచనం, కోపంతో రాసినది, ఈనాటి పత్రికలో వేసినా చెల్లుతుంది. ఒక్కరి వల్ల అయ్యే పనీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో గ్రీకు తత్వాన్ని అరబీలోకి తెచ్చినప్పుడు హిమ్స్ నగరపు క్రైస్తవుడు ఇబ్న్ నాయిమా అనువదిస్తే ముస్లిం అయిన కిందీ దిద్దాడు. అది నిజానికి ప్లొటైనస్ రాత. అరిస్టాటిల్‌దనుకున్నారు. ఎనిమిది వందల యేళ్ల తర్వాత సద్రా కూడా అలాగే అనుకుని, దాన్ని పట్టుకునే తన మాట కట్టాడు. తెలుగులోనూ ఇలాంటి జోడీ ఉంది. 1920లలో ఖురాన్‌ని తెలుగు చేసినవాడు చిలుకూరి నారాయణరావు. మదరసాలో 'సద్రా' చదివిన మౌల్వీ సాబ్ ఒకరు, తెలుగు వాక్యం రాయగల ఆడపిల్ల ఒకతె, సంస్కృతం తెలిసి ఎక్కడ ఏ మాట వేదాంతంలోకి జారుతుందో హెచ్చరించగల మిత్రుడొకరు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే చాలు. అనువాదానికి ముందు ఆ కూర్చోవడం జరగాలి.

బ్రౌన్ 'అస్ఫార్'ని నాలుగు పుస్తకాలన్నాడు. గోబినో యాత్రలన్నాడు. మదరసా పరీక్ష అన్నది. కోర్బా, నస్ర్ థియోసఫీ అన్నారు. మన పాఠ్యపుస్తకం ఏమీ అనలేదు. నాలుగో ప్రయాణం మనుషుల మధ్య తిరగడమని ఆయన రాసుకున్నాడు. తెలుగు మనుషుల మధ్యకి ఆయన ఇంకా రాలేదు. 'మషాయిర్'లోని అసలు మాట దగ్గర, వుజూద్ దగ్గర, పని ఆగి ఉంది. అక్కడ 'ఉనికి' అని రాసి ముందుకు పోదాం. ఇంతకంటే మంచి మాట తెలిసినవాళ్లు కొట్టేసి రాయండి.